లార్డ్ క్లైవ్ అంటే ఏ క్లైవ్? ఒక ఆంగ్ల కుటుంబం, దాని బిరుదుల లెక్క

ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్ 1774 నవంబరులో లండన్‌లో చనిపోయాడు. మన ఉత్తర సర్కారుల జమీందారులకు శాశ్వత పేష్కష్ (ఏటా ప్రభుత్వానికి కట్టే స్థిరమైన శిస్తు) ఖాయం చేసిన మద్రాసు రెగ్యులేషన్లు వచ్చింది 1802లో. ఆ ఏడాది మద్రాసు గవర్నరు ఎవరని చూస్తే 'లార్డ్ క్లైవ్' అని ఉంటుంది. పాత రికార్డులు తిరగేసేవాళ్ళు, పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఇక్కడ తికమక పడుతుంటారు. చనిపోయిన ఇరవై ఎనిమిదేళ్ళకు ఆయన మద్రాసులో ఎలా ఉన్నాడు?

ఉన్నది ఆయన కాదు, కొడుకు ఎడ్వర్డ్. తండ్రీ కొడుకులిద్దరూ లార్డ్ క్లైవే. చిక్కు అక్కడితో ఆగదు. మద్రాసు నుంచి వెళ్ళిన ఏడాదికే ఎడ్వర్డ్ 'ఎర్ల్ ఆఫ్ పోవిస్' అయ్యాడు. ఆయన పెద్దకొడుకు ఇంటిపేరే మార్చుకుని హెర్బర్ట్ అయ్యాడు. క్లైవ్ అనే ఇంటిపేరు చిన్నకొడుకు శాఖలో మిగిలింది. నూటయాభై ఏళ్ళ తరవాత ఆ కుటుంబంలోనే ఒక బిరుదు మనవరాలికి, మరో బిరుదు దూరపు దాయాదికి వెళ్ళాయి.

బ్రిటిష్ ప్రభువుల వ్యవహారం అర్థం కాకపోవడానికి కారణం ఒక్కటే. రక్తసంబంధం, ఇంటిపేరు, ఆస్తి, బిరుదు, పార్లమెంటులో స్థానం - ఈ అయిదూ ఒకే మనిషి దగ్గర ఉన్నంతకాలం ఒకే వస్తువులా కనిపిస్తాయి. చట్టానికి మాత్రం అవి అయిదు వేరువేరు వస్తువులు, దేని వారసత్వ సూత్రం దానిదే. క్లైవ్ కుటుంబాన్ని పట్టుకుని వెళ్తే ఈ అయిదూ ఎక్కడెక్కడ విడిపోయాయో తేదీలతో సహా కనిపిస్తుంది.

ముందుగా మెట్లు, తరవాత పీరేజీలు

ప్రభువుల బిరుదుల్లో అయిదు మెట్లున్నాయి. పై నుంచి కిందికి డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. ఈ అయిదింటిలో ఏదో ఒకటి ఉన్నవాడే 'పీర్'. బారనెట్ అన్నది వంశపారంపర్యమే అయినా పీర్ హోదా కాదు. 'సర్' అనిపించుకునే నైట్ హోదా ఆ మనిషితోనే పోతుంది. 'లార్డ్' అన్నది అసలు మెట్టే కాదు, డ్యూక్ తప్ప మిగతా నలుగురినీ వాడుకలో పిలిచే పిలుపు. అందుకే బారన్ క్లైవ్ లార్డ్ క్లైవ్ అయ్యాడు, ఎర్ల్ ఆఫ్ పోవిస్ లార్డ్ పోవిస్ అయ్యాడు.

బిరుదు ఏ మెట్టుదో తెలిస్తే సరిపోదు, ఏ పీరేజీకి, అంటే ఏ రాజ్యపు పీర్ల వర్గానికి, చెందిందో కూడా చూడాలి. 1707లో ఇంగ్లండ్, స్కాట్లండ్ కలవక ముందు ఇచ్చినవి ఇంగ్లండ్ పీరేజీ, స్కాట్లండ్ పీరేజీ. 1707 నుంచి 1800 దాకా ఇచ్చినవి గ్రేట్ బ్రిటన్ పీరేజీ. 1801లో ఐర్లండ్ కూడా కలిశాక వచ్చినవి యునైటెడ్ కింగ్‌డమ్ పీరేజీ. ఐర్లండ్ పీరేజీ వీటికి పక్కన విడిగా నడిచింది. ఈ తేడాతోనే క్లైవ్ కథ మొదలవుతుంది.

ఇంకొక మాట తెలుసుకోవాలి. బిరుదులు పుట్టే దారులు ప్రధానంగా రెండు. ఒకటి లెటర్స్ పేటెంట్, అంటే రాజముద్ర వేసిన సనదు. ఆ బిరుదు ఎవరికి సంక్రమించాలో ఆ సనదులోనే రాసి ఉంటుంది. చాలా సనదుల్లో ఉండే షరతు 'ధర్మబద్ధంగా పుట్టిన మగ సంతానానికి' అని. కూతుళ్ళకు రాదు, కూతురి కొడుక్కీ రాదు. రెండోది పాత పద్ధతి. మధ్యయుగంలో రాజు ఎవరినైనా పేరుపెట్టి పార్లమెంటుకు రమ్మని తాఖీదు పంపితే, అతను వచ్చి కూర్చుంటే, అదే వంశపారంపర్య బారనీ అయిందని తరవాతి న్యాయస్థానాలు తేల్చాయి. దీనికి సనదు లేదు కనక మగవాళ్ళకే అనే షరతూ లేదు. కొడుకులుంటే పెద్దకొడుక్కి, కొడుకులు లేకపోతే కూతుళ్ళకు వెళ్తుంది.

ప్లాసీ బారన్‌కు దక్కని కుర్చీ

రాబర్ట్ క్లైవ్ 1725లో ష్రాప్‌షైర్‌లో మార్కెట్ డ్రేటన్ దగ్గర స్టైచ్ అనే చోట పుట్టాడు. పాతకాలపు భూస్వామి కుటుంబమే గానీ పీరేజీ ఏదీ లేదు. 1744లో కంపెనీ గుమస్తాగా మద్రాసులో దిగాడు. 1751లో ఆర్కాటు, 1757లో ప్లాసీ. కర్ణాటక నవాబు ఆయనకు 'సాబత్ జంగ్' బిరుదిచ్చాడు. బెంగాల్ నవాబు మీర్ జాఫర్ ఇప్పించిన జాగీరు మీద ఏడాదికి దాదాపు 27,000 పౌన్లు వచ్చేవి. ఇలాంటి దేశీ బిరుదులు మనిషితోనే ముగిసేవి. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిన క్లైవ్‌కు కావలసింది ముగియని బిరుదు.

1762లో అది వచ్చింది, 'బారన్ క్లైవ్ ఆఫ్ ప్లాసీ' అని. కానీ ఐర్లండ్ పీరేజీలో! ఐర్లండ్‌లో కొన్న భూమికే ప్లాసీ అని పేరు పెట్టుకున్నాడు. నేటికీ లిమరిక్ విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంతానికి ఆ పేరు వినిపిస్తుంది. బెంగాల్లోని ఒక మామిడితోపు పక్క ఊరి పేరు అలా ఐర్లండ్‌కు చేరింది.

ఐరిష్ బిరుదుకు గౌరవం ఉంది గానీ, వెస్ట్‌మినిస్టర్‌లోని హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో (పార్లమెంటు పై సభలో) స్థానం లేదు. మంత్రులకు ఇది సులువైన మార్గం. ఎవరినైనా సంతోషపెట్టాలి గానీ లార్డ్స్ సభలో మరో కుర్చీ వెయ్యడం ఇష్టం లేకపోతే ఐరిష్ బిరుదు ఇచ్చేవాళ్ళు. బ్రిటిష్ పీరేజీ వస్తుందనుకున్న క్లైవ్‌కు ఇది అసంతృప్తిగానే మిగిలింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఐరిష్ పీర్ బ్రిటన్ నియోజకవర్గం నుంచి కామన్స్ సభకు, అంటే ఎన్నికైనవాళ్ళ దిగువ సభకు, పోటీ చెయ్యొచ్చు. క్లైవ్ 1761 నుంచి చనిపోయేదాకా ష్రూస్‌బరీ ఎంపీ. 'లార్డ్' అని పిలిపించుకుంటూనే కామన్స్‌లో కూర్చున్నాడు. కంపెనీ వ్యవహారాలపై పార్లమెంటు విచారణ జరిపినప్పుడు ఆయన తనను తాను సమర్థించుకున్నది ఆ సభలోనే. తరవాతి శతాబ్దంలో ప్రధాని పామర్‌స్టన్‌దీ ఇదే పరిస్థితి. ఐరిష్ వైకౌంట్ కాబట్టే జీవితమంతా కామన్స్‌లో ఉండగలిగాడు.

1765లో రెండోసారి బెంగాల్ గవర్నరుగా వచ్చిన క్లైవ్, షా ఆలం చక్రవర్తి నుంచి బెంగాల్ దివానీతో పాటు ఉత్తర సర్కారుల ఫర్మానా కూడా పుచ్చుకున్నాడు. మన చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి కంపెనీ చేతికి పోయే దారి అలా తెరుచుకుంది. మరుసటి ఏడాది నిజాం ఒప్పందంతో అది ఖాయమైంది. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ దగ్గర ఇంకొన్నేళ్ళు ఉండి, 1788లో వాళ్ళకు దక్కింది.

కొడుకు: లడ్లో ఎంపీ నుంచి మద్రాసు గవర్నరు

తండ్రి పోయేనాటికి ఎడ్వర్డ్‌కు ఇరవై ఏళ్ళు. 1774లో ఐరిష్ బారనీ ఆయనకు వచ్చింది, రెండో బారన్ క్లైవ్ అయ్యాడు. తండ్రిలాగే కామన్స్‌కు వెళ్ళి, లడ్లో పట్టణం తరపున ఇరవై ఏళ్ళు కూర్చున్నాడు. 1794లో 'బారన్ క్లైవ్ ఆఫ్ వాల్కాట్' అనే కొత్త బిరుదు ఇచ్చారు. ఇది గ్రేట్ బ్రిటన్ పీరేజీలోది. ఆ రోజుతో కామన్స్ వదిలి లార్డ్స్‌కు వెళ్ళాల్సి వచ్చింది.

ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడాలి. అదే మనిషి ఐర్లండ్‌లో రెండో బారన్ క్లైవ్, బ్రిటన్‌లో మొదటి బారన్ క్లైవ్. కొత్త బిరుదు పాతదాన్ని రద్దు చెయ్యదు, దాని పక్కన చేరుతుంది. అందరూ పిలిచేది మాత్రం అన్నిటికన్నా పెద్ద బిరుదుతోనే.

1798లో ఎడ్వర్డ్ మద్రాసు గవర్నరుగా వచ్చాడు. తండ్రి పేరు ఎంత పెద్దదో కొడుకు పేరు మన పాఠ్యపుస్తకాల్లో అంత చిన్నది. కానీ తెలుగు నేల మీద కంపెనీ పాలన స్థిరపడింది ఈయన అయిదేళ్ళలోనే. 1799లో శ్రీరంగపట్నం పడింది. 1800లో నిజాం బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి దత్తం చేశాడు. 1801లో కర్ణాటక నవాబు పాలన పోయి నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలు వచ్చిపడ్డాయి. 1802లో శాశ్వత పేష్కష్. ఇందులో చాలా భాగం కలకత్తాలో కూర్చున్న గవర్నర్ జనరల్ వెలస్లీ పథకమే. ఎడ్వర్డ్ దాన్ని అడ్డుకోకుండా నడవనిచ్చాడు. ఏదేమైనా రికార్డుల్లోని ఆ 'లార్డ్ క్లైవ్' ఈయనే.

హెర్బర్ట్‌ల కోట, హెర్బర్ట్‌ల పేరు

1784లో ఎడ్వర్డ్ హెన్రియెటా హెర్బర్ట్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె వేల్స్ సరిహద్దులోని పోవిస్ కోట యజమాని అయిన ఎర్ల్ ఆఫ్ పోవిస్ కూతురు. డబ్బు క్లైవ్‌లది, పాత వంశగౌరవం హెర్బర్ట్‌లది, కొంచెం అప్పులు కూడా హెర్బర్ట్‌లవే. భర్త గవర్నరుగా ఉండగా ఆమె 1800లో కూతుళ్ళతో మద్రాసు నుంచి మైసూరు దాకా నెలల తరబడి ప్రయాణం చేసి, దినచర్య రాసుకుంది.

1801లో ఆమె అన్నగారు, అంటే అప్పటి ఎర్ల్, పెళ్ళి కాకుండానే చనిపోయాడు. మగ వారసుడు లేడు. చెల్లెలికి బిరుదు రాదు, చెల్లెలి కొడుక్కీ రాదు. సనదు ప్రకారం ఆ ఎర్ల్ బిరుదు అక్కడితో అంతరించింది. ఆస్తికి ఆ నిబంధన లేదు. కోటనూ భూములనూ ఆయన మేనల్లుడి పేర రాశాడు, ఇంటిపేరు హెర్బర్ట్‌గా మార్చుకోవాలనే షరతుతో.

1804 మే నెలలో రాజు ఎడ్వర్డ్ క్లైవ్‌కు ఒకే సనదులో నాలుగు బిరుదులిచ్చాడు: ఎర్ల్ ఆఫ్ పోవిస్, వైకౌంట్ క్లైవ్, బారన్ హెర్బర్ట్ ఆఫ్ చర్బరీ, బారన్ పోవిస్. బావమరిది బిరుదు ఆయనకు 'వచ్చింది' అని చాలామంది రాస్తారు. అది నిజం కాదు. పాతది చచ్చిపోయింది, అదే పేరుతో కొత్తది పుట్టింది. పోవిస్ ఎర్ల్ బిరుదు ఇలా పుట్టడం మూడోసారి. 1674లో ఒక హెర్బర్ట్‌కు, 1748లో మరో హెర్బర్ట్‌కు, 1804లో క్లైవ్‌కు. ప్రతిసారీ అంకె ఒకటి నుంచి మొదలవుతుంది. అందుకే చరిత్రలో 'మొదటి ఎర్ల్ ఆఫ్ పోవిస్' ముగ్గురున్నారు. ఏడాది చెప్పకుండా ఆ మాట రాస్తే ఎవరిని ఉద్దేశించారో తెలియదు.

మేనమామ షరతు ప్రకారం 1807లో పెద్దకొడుకు రాజానుమతితో హెర్బర్ట్ అయ్యాడు. తండ్రి క్లైవ్, కొడుకు హెర్బర్ట్! మన దగ్గర దత్తత వెళ్ళినవాడికి ఇంటిపేరు మారినట్టే గానీ, ఇక్కడ దత్తత లేదు, గోత్రం మారలేదు, తండ్రి హక్కులేవీ పోలేదు. 1839లో ఎడ్వర్డ్ క్లైవ్ చనిపోతే, మగ సంతానం వరస ప్రకారం ఎర్ల్ బిరుదు ఎడ్వర్డ్ హెర్బర్ట్‌కు వచ్చింది. బిరుదుకు ఇంటిపేరుతో పని లేదు.

అరువు బిరుదులు

ఎర్ల్ బతికుండగా పెద్దకొడుకును ఏమని పిలవాలి? తండ్రికున్న చిన్న బిరుదుల్లో ఒకటి మర్యాదకోసం వాడుకుంటాడు. పోవిస్ ఎర్ల్‌ల పెద్దకొడుకులు 'వైకౌంట్ క్లైవ్'. ఇది పిలుపే, పీరేజీ కాదు. ఈ రెండో ఎర్ల్ తండ్రి బతికుండగా 1806 నుంచి 1839 దాకా 'వైకౌంట్ క్లైవ్' పేరుతో లడ్లో ఎంపీగా కామన్స్‌లో కూర్చున్నాడు. తాత ఐరిష్ పీర్ కాబట్టి కామన్స్‌లో ఉన్నాడు, మనవడు అసలు పీరే కాడు కాబట్టి ఉన్నాడు. బయటికి ఇద్దరూ లార్డ్ క్లైవే. ఈ మనవడే 1847లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ఛాన్సలర్ పదవికి విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ మీద పోటీ చేసి కొద్ది తేడాతో ఓడిపోయాడు. మరుసటి ఏడాది వేటలో కొడుకు చేతి తుపాకీ పొరపాటున పేలి చనిపోయాడు.

ఎర్ల్ చిన్నకొడుకులకు 'ఆనరబుల్' మాత్రమే. కూతుళ్ళకు మాత్రం పేరు ముందు 'లేడీ'. ఇది కొంచెం వింతే: అన్నదమ్ములకు లేని గౌరవం అక్కచెల్లెళ్ళకు. తండ్రి 1975లో ఎర్ల్ స్పెన్సర్ కాగానే డయానా 'లేడీ డయానా' అయింది ఇలాగే. డ్యూక్, మార్క్వెస్ చిన్నకొడుకులకైతే 'లార్డ్' అనే గౌరవం ఉంది. చర్చిల్ తండ్రి లార్డ్ రాండాల్ఫ్ ఒక డ్యూక్ చిన్నకొడుకు, పీర్ కాదు.

పోవిస్ మొదటి ఎర్ల్ కూతురు, చిన్నప్పుడు తల్లితో మద్రాసులో గడిపిన షార్లెట్ ఫ్లోరెన్షియా, పెళ్ళితో నార్తంబర్లండ్ డచెస్ అయింది. విక్టోరియా రాణి కాక ముందు ఆమె చదువు సంధ్యలు చూసింది ఈమే. కుండీల్లో పెంచే నారింజరంగు పూల మొక్క 'క్లైవియా' పేరు ఈమెదే. ఆ పువ్వులోని క్లైవ్ రాబర్ట్ కాదు.

1943, 1952: ఒకే ఇంట్లోంచి రెండు దారులు

పైన చెప్పిన రెండు రకాల పుట్టుకకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

నాలుగో ఎర్ల్ జార్జ్ హెర్బర్ట్, 1891లో బిరుదుకు వచ్చాడు. ఆయన భార్య వయొలెట్ లేన్‌ఫాక్స్. ఆమె తండ్రి బారన్ కానియర్స్ 1888లో కొడుకులు లేకుండా చనిపోయాడు. ఇద్దరు కూతుళ్ళు, మార్షియా, వయొలెట్. ఆయన వంశంలో తాఖీదుతో పుట్టిన పాత బారనీలు ఉన్నాయి. అలాంటి బారనీ కూతుళ్ళకు వెళ్తుంది గానీ, అక్కచెల్లెళ్ళలో పెద్దరికం లెక్కలేదు, అందరూ సమాన హక్కుదారులే. కానీ ఒక బిరుదును ముక్కలు చెయ్యలేరు. అప్పుడది ఎవరికీ దక్కకుండా నిలిచిపోతుంది. దీన్ని 'అబేయన్స్' అంటారు. అంతరించడం వేరు, ఇది వేరు. అంతరించినది మళ్ళీ రాదు, నిలిచిపోయినది హక్కుదారుల్లో ఒకరే మిగిలితే గానీ, రాజు ఒకరి పక్షాన తీర్పిస్తే గానీ కదులుతుంది.

అలాంటి తీర్పులే వచ్చాయి. 1892లో కానియర్స్ బారనీ అక్క మార్షియాకు. 1903లో ఫాకన్‌బర్గ్ బారనీ కూడా అక్కకే, 1332 నాటి 'డార్సీ డి నేత్' బారనీ చెల్లెలు వయొలెట్‌కు. దాంతో వయొలెట్ భర్త వల్ల పోవిస్ కౌంటెస్ (ఎర్ల్‌కు స్త్రీ రూపం), స్వయంగా బారొనెస్ డార్సీ డి నేత్. మొదటిది పెళ్ళితో వచ్చిన గౌరవం, రెండోది ఆమె సొంత పీరేజీ. అయినా అప్పటికి ఆడవాళ్ళకు లార్డ్స్‌లో ప్రవేశం లేదు.

వాళ్ళకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పెర్సీ, వైకౌంట్ క్లైవ్, 1916లో సోమ్ యుద్ధంలో తగిలిన గాయాలతో చనిపోయాడు. రెండోవాడు మెర్విన్ వైకౌంట్ క్లైవ్ అయ్యాడు. 1929లో తల్లి చనిపోగానే ఆమె బారనీ అతనికి వచ్చింది. తండ్రి ఇంకా ఉన్నాడు కాబట్టి ఎర్ల్ కాలేదు, తల్లి బిరుదుతో మాత్రం నిజమైన పీర్ అయ్యాడు. 1943లో బ్రిటిష్ వైమానిక దళంలో ఉండగా విమానం కూలి చనిపోయాడు. అతని ఒక్కగానొక్క సంతానం డవీనా, అప్పటికి అయిదేళ్ళు నిండని పాప.

డార్సీ డి నేత్ బారనీకి మగ సంతానం షరతు లేదు. పోటీకి అక్కచెల్లెళ్ళూ లేరు. కనక నిలిచిపోవడమన్న ప్రశ్నే రాలేదు, బిరుదు నేరుగా డవీనాకు వచ్చింది. ఆమె 18వ బారొనెస్.

తాతగారు, నాలుగో ఎర్ల్, 1952లో చనిపోయాడు. ఆయన కొడుకుల సంతానంలో మిగిలింది ఈ మనవరాలే. ఎర్ల్ బిరుదు 1804 సనదుది, మగ వరసకే. అది ఆమెను దాటి వెనక్కి, రెండో ఎర్ల్ దాకా వెళ్ళి, ఆయన మరో కొడుకు శాఖలో ఉన్న మగ దాయాదిని వెతికి పట్టుకుంది. ఆయన అయిదో ఎర్ల్. 'వైకౌంట్ క్లైవ్' కూడా, 1762 నాటి ఐరిష్ బారనీ కూడా దానితోపాటే వెళ్ళాయి. కోట మాత్రం ఎవరికీ వెళ్ళలేదు. నాలుగో ఎర్ల్ దాన్ని నేషనల్ ట్రస్ట్‌కు రాసిపోయాడు. క్లైవ్‌లు భారతదేశం నుంచి తెచ్చినవి, టిప్పు గుడారం, ఆయన సింహాసనం మీది పులితల బొమ్మల్లో ఒకటి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అవి దోపిడీ సొమ్మని ఎలా చెప్పాలి, ఎంత చెప్పాలి అన్న వాదన 2020లో నేషనల్ ట్రస్ట్ వలసపాలన సంబంధాలపై నివేదిక వెయ్యడంతో ఇంకా వేడెక్కింది.

ఆ పాప పెద్దదయ్యాక కథ ఇంకా ఉంది. 1963 పీరేజీ చట్టం వంశపారంపర్య పీర్లయిన ఆడవాళ్ళకు లార్డ్స్ తలుపు తెరిచింది. 1964లో కారు ప్రమాదంలో డవీనా భర్త చనిపోయాడు, ఆమె చక్రాల కుర్చీకి పరిమితమైంది. 1968 టెల్ అవీవ్ పారాలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం గెలిచింది. లార్డ్స్‌లో వికలాంగుల హక్కుల కోసం దశాబ్దాలు మాట్లాడింది. 1999లో లార్డ్స్ చట్టం వంశపారంపర్య పీర్లలో 92 మందిని ఉంచి మిగతావాళ్ళను పంపేసింది. 1993లో బిరుదుకు వచ్చిన ఎనిమిదో ఎర్ల్ ఆఫ్ పోవిస్ స్థానం అలా పోయింది. డవీనా తోటి పీర్ల ఓట్లతో ఎన్నికై, 2008లో చనిపోయేదాకా కొనసాగింది. పెద్ద మెట్టు మీదివాడు బయట, చిన్న మెట్టు మీది ఆమె లోపల. ఆమె తరవాత బారనీ కొడుక్కి వెళ్ళింది, సభలోని స్థానం వెళ్ళలేదు.

క్లైవ్ పేరు మిగిలిన శాఖ

మొదటి ఎర్ల్ రెండో కొడుకు రాబర్ట్ హెన్రీకి మేనమామ ఆస్తి లేదు కాబట్టి పేరు మార్చుకునే పనీ లేదు. అతని భార్య హారియెట్ ప్లిమత్ ఎర్ల్ కూతురు. ఆమె అన్న 1833లో పోయినప్పుడు విండ్సర్ అనే పాత బారనీ అక్కచెల్లెళ్ళ మధ్య నిలిచిపోయి, 1855లో హారియెట్ పరమైంది. ఆమె మనవడికి 1905లో ప్లిమత్ ఎర్ల్ బిరుదు కొత్తగా ఇచ్చారు. ఆ కుటుంబం ఇంటిపేరు ఇప్పుడు విండ్సర్-క్లైవ్. అంటే రాబర్ట్ క్లైవ్ బిరుదు ఒక ఇంట్లో, ఇంటిపేరు ఇంకో ఇంట్లో.

దత్తత, ధర్మబద్ధమైన పెళ్ళి

1802 సనదులు పొందిన మన పెద్ద జమీందారీలలో చాలావాటికి 'అవిభాజ్యం' అనే సూత్రం ఉండేది. ఆస్తి పంచకుండా పెద్దకొడుక్కే. 1904లో మద్రాసు ప్రభుత్వం దీనిమీద చట్టమే చేసింది. ఇంతవరకు పీరేజీతో పోలిక ఉంది. తేడా దత్తత దగ్గర. మన సంస్థానాల్లో కొడుకు లేకపోతే దత్తపుత్రుడు గద్దెనెక్కడం మామూలు. కోర్టుల్లో తగవులు నడిచింది కూడా దత్తత చెల్లుతుందా లేదా అనే. పీరేజీలో దత్తతకు చోటే లేదు. 2004 నుంచి దత్తత పిల్లలు మర్యాద పిలుపులు వాడుకోవచ్చు గానీ బిరుదు మాత్రం రాదు. తల్లిదండ్రుల పెళ్ళికి ముందు పుట్టిన బిడ్డకూ సాధారణంగా రాదు.

పెళ్ళి ధర్మబద్ధమా కాదా అన్న ప్రశ్న ఒక భారతీయ కుటుంబం విషయంలోనూ లేచింది. వంశపారంపర్య పీరేజీ పొందిన ఏకైక భారతీయుడు సత్యేంద్ర ప్రసన్న సిన్హా, 1919లో బారన్ సిన్హా ఆఫ్ రాయ్‌పూర్ అయ్యాడు. బెంగాల్లోని రాయ్‌పూర్ అది. ఆయన చనిపోయాక, బహుభార్యత్వాన్ని అప్పట్లో ఒప్పుకున్న హిందూ వివాహంలో పుట్టిన కొడుకు 'ధర్మబద్ధ' వారసుడవుతాడా అన్న సందేహం తేలడానికి 1939 దాకా పట్టింది. దంపతులు బ్రహ్మసమాజంలో చేరి ఏకపత్నీ నియమం స్వీకరించారు కాబట్టి చెల్లుతుందని తేల్చారు.

వదులుకోవడం, ఊడబెరకడం

1963కు ముందు పీరేజీని వద్దనుకునే వీలు లేదు. లేబర్ ఎంపీ టోనీ బెన్, తండ్రి బిరుదు తనకు రావడంతో కామన్స్ సీటు పోయి, చట్టం మారేదాకా పోరాడాడు. ఇప్పుడు వదులుకోవచ్చు, కానీ బతికున్నంతకాలమే. 2014లో బెన్ చనిపోగానే ఆ వైకౌంట్ బిరుదు కొడుక్కి వచ్చింది.

తీసెయ్యడం ఇంకా కష్టం. 2025 అక్టోబరులో రాజు చార్లెస్ తమ్ముడు ఆండ్రూ పేరును పీరేజీ పట్టికలోంచి తొలగించినప్పుడు చాలా పత్రికలు 'డ్యూక్ బిరుదు రద్దు' అని రాశాయి. పట్టికలో పేరు లేకపోతే అధికారికంగా ఆ బిరుదుతో గుర్తించరు. సనదును రద్దు చెయ్యాలంటే మాత్రం పార్లమెంటు చట్టం కావాలి. చివరిసారి అలా జరిగింది 1919లో, మొదటి ప్రపంచయుద్ధంలో శత్రుపక్షాన నిలిచిన ముగ్గురు పీర్ల విషయంలో, 1917లో అందుకోసమే చేసిన చట్టం కింద.

ఇప్పటి తగవులు

కూతుళ్ళ విషయంలో వాదన ఇలా నడుస్తోంది. 2013లో సింహాసనానికి ఆడ మగ తేడా తీసేశారు, రాజుకు లేని నిబంధన ఎర్ల్‌కు ఎందుకని ఒక పక్షం. డవీనా లాంటివాళ్ళు సభలో ఎంత పనికొచ్చారో వాళ్ళు చూపిస్తారు. రెండో పక్షం అంటున్నది: ప్రతి సనదూ ఒక హామీ, దాన్ని నమ్ముకున్న దాయాదులున్నారు, వెనక్కి వెళ్ళి షరతు మారిస్తే ఎక్కడ ఆగాలి? చాలా బిరుదులు అంతరించిపోకుండా నిలబడతాయి, అది మంచిదా చెడ్డదా? అసలు ఈ పద్ధతే సమానత్వానికి విరుద్ధమైతే అందులో ఆడవాళ్ళకు వాటా ఇవ్వడం ఏం సంస్కరణ అని అడిగే మూడో గొంతు కూడా ఉంది. 2013లోనే లార్డ్స్‌లో వచ్చిన ఒక ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. షరతు మార్చడం అసాధ్యమేం కాదు, ముందే రాసుకుంటే. కొడుకులు లేని మౌంట్‌బాటన్ సనదులో కూతురికి వచ్చేలా రాయించారు. 1979లో ఆయన హత్య తరవాత పెద్దకూతురు పట్రీషియా కౌంటెస్ అయింది. నా దృష్టిలో వెనకటి సనదులను మార్చడంలో ఉన్న చిక్కు నిజమైనదే గానీ, సింహాసనం విషయంలో దాటగలిగిన చిక్కు ఇక్కడ దాటలేనిదేమీ కాదు.

లార్డ్స్‌లో వంశపారంపర్య స్థానాలది వేరే తగవు. 1999లో రాజీగా మిగిల్చిన స్థానాలనూ తీసేసే బిల్లును లేబర్ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రవేశపెట్టింది. పుట్టుకతో చట్టసభలో స్థానం ఏ సమర్థన లేనిదని ప్రభుత్వం వాదించింది. సభ మొత్తాన్ని సంస్కరించకుండా వీళ్ళను మాత్రమే పంపేస్తే, మిగిలేదంతా ప్రధాని నియమించిన జీవితకాల పీర్లేనని, అది ఇంకో రకం అసమానతని ప్రతిపక్షం వాదించింది. ఈ బిల్లు ఎవరి బిరుదునూ రద్దు చెయ్యదు. వచ్చే తరంలోనూ పోవిస్ కుటుంబంలో పెద్దకొడుకు వైకౌంట్ క్లైవ్ అనే అనిపించుకుంటాడు.